పెద్ద పెట్టెలు ఆపేశాం, విడి సాకెట్లు తెచ్చాం

మా దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం. ఆయుధ పూజకు కొత్త పనిముట్లు కొనే అలవాటు విజయనగరంలో చాలా ఇళ్లలో ఉంది కాబట్టి ఈ సంగతి దసరాకు ముందే చెబుతున్నాను. 46 ముక్కలు, 108 ముక్కలు అంటూ ప్లాస్టిక్ పెట్టెల్లో వచ్చే చవక సాకెట్ (బోల్టు తలకు తొడిగి, పిడితో తిప్పే గొట్టం లాంటి పనిముట్టు) సెట్లు ఇకపై మా దగ్గర దొరకవు. మిగిలిన పెట్టెలను టోకు వ్యాపారికి తిప్పి పంపేశాను. వాటి బదులు మంచి సాకెట్లను విడివిడిగా అమ్ముతాను. ఒక్కటి కావాలన్నా ఇస్తాను.

లెక్క దాచకుండా చెబుతాను. ఒక చవక పెట్టె అమ్మితే నాకు మిగిలేది, అరడజను మంచి సాకెట్లు విడిగా అమ్మితే మిగిలేదాని కంటే ఎక్కువ. అమ్మడమూ తేలిక. మూత తీసి చూపిస్తే చాలు, వరుసగా మెరిసే ముక్కలను చూసి కొనేస్తారు. విడిగా అమ్మాలంటే మీ బండి ఏది, ఏ బోల్టు విప్పాలి, చెయ్యి పట్టేంత చోటు ఉందా అని అడగాలి, వినాలి. అయినా ఈ మార్పు చేస్తున్నాను. ఎందుకంటే చవక సాకెట్ తాను పాడైపోయి ఊరుకోదు, మీ బండిలోని బోల్టును కూడా పాడుచేస్తుంది.

నాట్ల సమయంలో నెల్లిమర్ల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పంపుసెట్టు బోల్టు విప్పబోతే సాకెట్ జారి, బోల్టు తల మూలలన్నీ అరిగి గుండ్రమైపోయాయి. ఇక ఏ పానాకూ అది చిక్కదు. వెల్డింగ్ వాడిని పిలిచి, ఆ తల మీద ఇంకో నట్టు అతికించి తిప్పాల్సి వచ్చింది. మడిలో కూలీలు ఎదురు చూస్తుండగా ఒక పూట అలా పోయింది. సాకెట్ మీద మిగిల్చుకున్న డబ్బు ఎంత, ఆ పూట ఖరీదు ఎంత? ఆ రోజు నుంచి ఆ పెట్టెలు అమ్మడానికి నాకు మనసు ఒప్పలేదు.

బోల్టు తల అలా అరగడానికి కారణం ఉంది. చవక సాకెట్ లోపలి కొలత కొంచెం వదులుగా ఉంటుంది, ఉక్కు మెత్తగా ఉంటుంది. బలం పడగానే సాకెట్ గోడలు విచ్చుకుంటాయి, పట్టు బోల్టు మూలల మీదికి జారుతుంది. సాకెట్లలో ఆరు మూలలవి, పన్నెండు మూలలవి అని రెండు రకాలు. ఆరు మూలలది బోల్టు తల చదును భాగాలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. పన్నెండు మూలలది చిన్న కోణంలోనే తగులుకుంటుంది కాబట్టి ఇరుకు చోట సౌకర్యమే గానీ, తుప్పు పట్టిన బోల్టు మీద దాన్ని నేను నమ్మను. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రపు గాలికి తుప్పు పట్టని బోల్టు ఏ బండిలో ఉంది? అందుకే ఇంటి వాడకానికి ఆరు మూలలవే తెప్పించాను.

ఇక ముక్కల లెక్క. 46 ముక్కల పెట్టెలో చాలా భాగం స్క్రూడ్రైవర్ బిట్లే. పెద్ద పెట్టెల్లో అంగుళాల కొలత సాకెట్లు కూడా కలిపి సంఖ్య పెంచుతారు. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. అది 13 మి.మీ. బోల్టు తలకు ఎక్కదు, 12 మీద వదులవుతుంది. మన బళ్లకు మిల్లీమీటర్ల కొలతలే కావాలి.

ఎవరికి ఏ కొలతలు అన్నది అందరూ అడిగే ప్రశ్న కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. జపాన్ పద్ధతిలో తయారైన మోటారు సైకిళ్లు, స్కూటర్లకు 8, 10, 12, 14, 17, 19 ఉంటే ఇంట్లో చేసుకునే పని చాలావరకు జరిగిపోతుంది. పంపుసెట్టు, పవర్ టిల్లర్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 8 మి.మీ. మర ఉన్న బోల్టుకు జపాన్ బండిలో తల 12 ఉంటే, మామూలు ఇంజినీరింగ్ బోల్టుకు 13 ఉంటుంది. 10 మి.మీ. మర అయితే అక్కడ 14, ఇక్కడ ఎక్కువగా 17, కొత్త ప్రమాణంలో 16. అందుకే రైతులకు 13, 17, 19, 24 ముందు కొనమంటాను. రెండూ ఉన్న ఇంటికి 17, 19 ఉమ్మడిగా పనికొస్తాయి. అన్నీ ఒకేసారి కొననక్కరలేదు. ఈ నెల రెండు, పంట డబ్బు వచ్చాక నాలుగు తీసుకోండి. విడిగా అమ్మడంలో నాకు నచ్చింది ఇదే.

స్పార్క్ ప్లగ్గుకు పొడుగు సాకెట్ వేరే కావాలి. 10 మి.మీ. మర ఉన్న చిన్న ప్లగ్గుకు 16 పడుతుంది, 14 మి.మీ. మర ఉన్న పాతరకం పెద్ద ప్లగ్గుకు సాధారణంగా 21. ప్లగ్గు బిగించేటప్పుడు మొదటి చుట్లు రాచెట్ (లోపల పళ్లుండి, ఒక వైపే పట్టి తిప్పే పిడి) లేకుండా వేళ్లతోనే తిప్పండి. ఇంజిన్ హెడ్ అల్యూమినియంది, మర తప్పి ఎక్కితే హెడ్ మరే పోతుంది.

సాకెట్ వెనక పిడి దూరే చదరపు రంధ్రం కొలత సంగతీ చూసుకోవాలి. పావంగుళం చిన్న పనులకు. మూడు సూతులది, అంటే 3/8 అంగుళానిది, మోటారు సైకిల్‌కు సరిగ్గా సరిపోతుంది. కారు, ట్రాక్టరు, పంపుసెట్టు అయితే అరంగుళం. మన ఊళ్లలో అరంగుళానిదే తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి చాలామంది దాన్నే బండికీ వాడతారు. చిన్న బోల్టు మీద ఆ పొడుగు పిడితో బలం వేస్తే బోల్టు తెగుతుంది. అందుకే మూడు సూతులవి ప్రత్యేకంగా తెప్పించాను.

రాచెట్‌లో పళ్లు లెక్కపెట్టి చూడండి. 24 పళ్లదైతే ఒక్కో పట్టుకు పిడి 15 డిగ్రీలు కదలాలి. 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు, ట్యాంకు కింద ఇరుకులో ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ బిగుసుకుపోయిన బోల్టును మొదట కదిలించడానికి రాచెట్ వాడొద్దు. దానికి టి-హ్యాండిలో ఎల్-హ్యాండిలో తీసుకోండి. రాచెట్ పిడికి ఇనప పైపు తొడిగి లాగితే లోపలి పళ్లు విరుగుతాయి, జారిన చెయ్యి ఇంజిన్ రెక్కలకు తగులుతుంది.

మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అని ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకండి, ముద్ర ఎవరైనా వేయగలరు. పేరున్న కంపెనీ అక్షరాలను కొద్దిగా మార్చి అమ్మేవి కూడా ఉన్నాయి. లోపలి మూలలు శుభ్రంగా ఉన్నాయా, గోడ మందం చుట్టూ సమానంగా ఉందా చూడండి. మా బల్ల మీద 12, 13, 17 కొలతల కొత్త బోల్టులు పెట్టాను. సాకెట్‌ను వాటికి ఎక్కించి అటూ ఇటూ ఆడించండి, వదులు అక్కడే తెలిసిపోతుంది. నేను ఎక్కువగా పెట్టేది టపారియా కంపెనీ సరుకు. దాని మెరుగు కొంచెం తక్కువైనా కొలతలో నాకు నమ్మకం ఉంది. పైపూత పొర ఊడుతున్న సాకెట్ ఏ కంపెనీదైనా పక్కన పెట్టేయండి, ఆ పెంకులు బ్లేడులా కోస్తాయి.

ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే యంత్రం) ఉన్నవారికి ఒక్క మాట. మెరిసే క్రోమ్ సాకెట్లు గన్‌కు పెట్టకండి, పగిలి ముక్కలు ఎగరవచ్చు. వాటికి నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి. అవి పెట్టినా కళ్లద్దాలు తప్పనిసరి.

ఇవే కంపెనీల సాకెట్లు కొన్నిసార్లు ఆన్‌లైన్‌లో నా కంటే తక్కువకు వస్తాయి. వస్తే అక్కడే కొనుక్కోండి, నేను నొచ్చుకోను. పైన చెప్పిన పరీక్షలు ఇంట్లో చేసి, తేడా ఉంటే వెంటనే తిప్పి పంపండి. మా దగ్గర కొన్న సాకెట్ చేతి వాడకంలో చీలితే, బిల్లు తెస్తే ఏడాదిలోపు మార్చి ఇస్తాను. పైపు తొడిగినా, గన్‌కు పెట్టినా ఈ మాట వర్తించదు.

సిరిమానోత్సవం జరిగే మంగళవారం మూడు లాంతర్ల కూడలి వైపు బళ్లు రావడం కష్టం కాబట్టి దుకాణం మూసి ఉంటుంది, బుధవారం తెరుస్తాం. 24 మి.మీ. సాకెట్లు, 16 మి.మీ. ప్లగ్గు సాకెట్లు ఇంకా రాలేదు. వాటి కోసం దూరం నుంచి వచ్చేవారు ఫోను చేసి రండి. కొలత తెలియకపోతే పాత బోల్టునో నట్టునో జేబులో వేసుకుని తీసుకురండి.