పాట వేశారు సరే, పేరేది?

మా హనుమకొండ దాకా వినిపించే రేడియో కేంద్రం కార్యక్రమాల అధికారి గారికి,

నమస్కారం. మొన్న రాత్రి దుకాణం షట్టర్ దించుతుంటే మీ రేడియోలో కోరా మోగింది. పశ్చిమ ఆఫ్రికా వాద్యమది. పెద్ద బుర్రను సగానికి కోసి, తోలు బిగించి, 21 తీగలు కడతారు. (మన కిన్నెరకూ బుర్రలే కదా!) షట్టర్ సగంలో వదిలేసి నిలబడిపోయాను. పాట అయిపోగానే ‘ఇప్పటిదాకా విన్నది విదేశీ సంగీతం’ అన్నారు, వెంటనే ఎరువుల ప్రకటన. ఎవరు వాయించారు, ఏ దేశం? ఊసే లేదు.

మీరు వేసింది పలువురి పాటలు కలిపిన సంకలనం సీడీ అయితే ఆ వివరాలు మామూలుగా అట్ట మీదే ఉంటాయి. చదవడానికి పది సెకన్లు చాలు. అసలు మీ ‘విదేశీ సంగీతం’ లాగే నానా దేశాల పాటల్ని ఒకే గంపలో వేసే ‘వరల్డ్ మ్యూజిక్’ అన్నది 1987లో లండన్‌లో చిన్న రికార్డు కంపెనీల వాళ్లు కూర్చుని, దుకాణాల్లో తమ సరుకుకు ఒక అర దొరకాలని ఖాయం చేసుకున్న పేరు. అర పేరు చెప్పి మనిషి పేరు మింగేస్తే ఎట్లా? 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో అంతరిక్షానికి పంపిన రికార్డూ సంకలనమే. అందులో పాడిన మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్‌ను ఎవరైనా ‘ఎవరో ఇండియా ఆమె’ అంటే మనకెట్లుంటది?

పాటకు ముందోసారి, తర్వాతోసారి పేరు చెప్పించండి. ముందుగా ఆ రాత్రి పాటెవరిదో చెప్పండి, ఇంకా వెతుక్కుంటున్నాను.

ఇట్లు,
మీ శ్రోత