నాయన రిపోర్టులు, నీ సీరియళ్లు

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. డ్యూటీలు మామూలే, ఈ వారం నైట్లు పడ్డాయి, వేళకి తింటున్నాను, స్వెట్టర్ వేసుకుంటున్నాను, ఇంకేం అడగొద్దు. ఇక్కడ కార్క్‌లో ఇప్పుడు రాత్రి పదికి గాని చీకటి పడదు, అందుకే పగలు నిద్ర పట్టినా పట్టకపోయినా ఒకటే అనిపిస్తోంది. ఫోన్లో చెప్పకుండా ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటావేమో, ఫోన్ చేస్తే నువ్వు దాన్ని టీవీ స్టాండుకి ఆనించి పెట్టేసి సీరియల్ చూస్తూ "ఊ, చెప్పు" అంటావు. నాకు కనిపించేది నీ గడ్డం, పైన తిరిగే ఫ్యాను. యాడ్స్ వచ్చినప్పుడు మాత్రం నీకు కూతురు గుర్తొస్తుంది. చిన్నోడికి పంపిస్తున్నా, వాడు గాంధీరోడ్డులో ప్రింటు తీయించి నీ చేతికిస్తాడు. చదవడం అయ్యేదాకా టీవీ ఆపు.

మొన్న నీ సీరియల్లో ఆసుపత్రి సీను చూసి నేను నవ్వానని నీకు కోపం వచ్చిందంట కదా, చిత్తూరత్త చెప్పింది. "అది నర్సు కాబట్టి దానికి అన్నీ తప్పులే కనబడతాయి, మేం కథ చూస్తాం" అన్నావంట. ఏం చేసేదమ్మా, నవ్వు రాకుండా ఎట్లుంటుంది? స్క్రీన్ మీద గీత సాపుగా అయిపోయింది, డాక్టరు ఆ రెండు ఇస్త్రీపెట్టెల్లాంటివి తెచ్చి ఛాతీ మీద పెట్టాడు, మనిషి ఎగిరి పడ్డాడు, గీత మళ్లీ లేచింది, బయట కోడలు పసుపుకుంకుమలు కళ్లకద్దుకుంది. గీత సాపుగా పడిందంటే గుండెలో కరెంటే లేదని అర్థం, దానికి షాక్ ఇవ్వరు. షాక్ ఇచ్చేది గుండె లయ తప్పి అల్లాడిపోతున్నప్పుడు. సాపు గీత వచ్చిందంటే ఛాతీ నొక్కుతూనే ఉండాలి, అడ్రినలిన్ ఇవ్వాలి. నొక్కడమంటే మీ హీరో నొక్కినట్టు మోచేతులు వంచి చొక్కా నలగకుండా కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ ఐదారు సెంటీమీటర్లు లోపలికి పోవాలి, ఒక్కోసారి పక్కటెముకలు విరిగే చప్పుడు మనకే వినిపిస్తుంది. రెండు నిమిషాలకి ఇంకో మనిషి రావాలి, లేకపోతే నొక్కేవాళ్లకి చేతులు రావు. చేసిన ప్రతిసారీ నాకు మర్నాటికి భుజాలు పట్టేసి ఉంటాయి. అంత చేసినా చాలామంది లేవరు. ఆ సంగతి రాయకూడదు గాని రాసేశాను.

కోమా సంగతి అంతకన్నా ఘోరం. నెలల తరబడి పడుకున్న మనిషి లేచి కూర్చుని "నేనెక్కడున్నాను" అంటుంది, జడ కూడా చెదరదు, పెదాలకి రంగు ఉంటుంది. మా వార్డులో అట్లా పడుకున్నవాళ్లని రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు, మడమలు పుండ్లు పడతాయి. నోరు తుడవాలి, కళ్లు ఎండిపోకుండా చుక్కలు వెయ్యాలి. కండలు కరిగిపోయి కాళ్లు పుల్లల్లా అవుతాయి, తెలివొచ్చినా కూర్చోవడానికి ఇద్దరు పట్టుకోవాలి. ఇదంతా చూపిస్తే ఎవరూ అన్నం తింటూ చూడరు, నిజమే, ఒప్పుకుంటా. కానీ ఐసీయూలోకి ఇంటిల్లిపాదీ చెప్పులతో దూరిపోయి మంచం చుట్టూ నిలబడి ఆస్తి పంచుకోవడం మాత్రం ఏ ఊర్లో ఉందమ్మా?

డాక్టర్ బాబు మాట ఎత్తితే నీకు మండుతుందని తెలుసు. అయినా అంటా. ఆ 'కార్తీకదీపం' 2017 నుంచి 2023 జనవరి దాకా, ఐదేళ్ల పైన నడిచింది, అందులో గుండె డాక్టరైన మనిషికి ఏళ్ల తరబడి బిడ్డలు తనవాళ్లో కాదో తెలుసుకునే దారి తెలీదా? బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి ల్యాబుకి పంపితే చాలు. నేను ఈ మాటంటే నువ్వేమన్నావో గుర్తుందా? "ఒక్క టెస్టుతో అయిపోతే ఇన్నేళ్లు మేమేం చూడాలే?" అన్నావు. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా రూమ్మేటు కొట్టాయం పిల్ల, నేను పప్పు తాలింపు వేసినప్పుడల్లా "వంటలక్కా" అని పిలుస్తుంది. ఆ కథ ముందు వాళ్ల మలయాళంలో 'కరుత్తముత్తు' అని వచ్చింది, అందులోనూ మన వంటలక్క ప్రేమీ విశ్వనాథే చేసింది, "మా పిల్లని మీరు ఎత్తుకుపోయారు" అని ఇప్పటికీ నాతో పోట్లాడుతుంది. నాకు కోపం దాని మీద కాదు. నల్లపిల్ల కష్టాల కథ చెప్తూ, రంగున్న అమ్మాయికి నలుపు పూసి చూపించారు చూడు, దాని మీద. నల్లగా ఉన్నది ఒక్కతీ దొరకలేదా? పెళ్లిచూపుల్లో నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్లు కూడా ఆ సీరియల్ చూసి ఏడ్చే ఉంటారు.

అవ్వ ఎట్లుంది? మోకాళ్లకి నేను చెప్పిన నూనె రాస్తున్నారా? 2020లో లాక్‌డౌన్‌కి షూటింగులు ఆగిపోయి మార్చి నుంచి పాతవే వేస్తుంటే, "పాపం ఆ పిల్లలకి అన్నం ఎవరు పెడుతున్నారో" అని బెంగ పెట్టుకుంది అవ్వ, జూన్‌లో షూటింగులు మళ్లీ మొదలయ్యాక గాని మనసు కుదుటపడలేదు. అవ్వని ఎవరూ ఏమనకండి. ఆమె దూరదర్శన్లో 'ఋతురాగాలు' చూసిన మనిషి, "అప్పుడు సీరియల్లో ఇల్లు ఇల్లులాగుండేది, చీర నలిగుండేది" అంటుంది, అది ముసలాళ్ల మాటని తీసెయ్యడానికి లేదు. ఇప్పటివాళ్లు పట్టుచీరలో పడుకుని పట్టుచీరలో లేస్తారు.

చిన్నోడు మాత్రం నీతో వాదన పెట్టుకుని గెలిచానంటున్నాడు. "ఇంతమంది చూస్తున్నారంటే ఊరికే చూస్తారా" అని నువ్వంటే, దేశం మొత్తానికి 55 వేల పైచిలుకు ఇళ్లల్లోనే రేటింగులు లెక్కగట్టే బార్క్ వాళ్ల మీటర్లు ఉన్నాయి, గురువారం వచ్చే రేటింగు ఆ ఇళ్ల లెక్కే, మనింట్లో మీటరు లేదు, నువ్వు చూసినా ఒకటే ఆపేసినా ఒకటే వాళ్లకి, అన్నాడంట. నువ్వు "అయితే నా ఇష్టమొచ్చినంత సేపు చూస్తా, నన్నడిగేవాళ్లు లేరు" అన్నావంట. బాగా చెప్పావు.

అన్నీ అబద్ధమే అనను నేను. 'గుండెనిండా గుడిగంటలు' గురించి నువ్వు చెప్పింది నాకు నచ్చింది. ఆ మీనా పూలు కట్టేది చూసి "ఈ పిల్ల పూలు చూసి కడుతోంది, కట్టేవాళ్ల చూపు గిరాకీ మీదుంటుంది గాని పూల మీద ఉండదు" అన్నావు. గోవిందరాజస్వామి గుడి ముందర అమ్మమ్మ పక్కన కూర్చుని కట్టినదానివి కదా, నీకు తెలీకుండా ఎట్లుంటుంది. తడిగుడ్డ ఒళ్లో, అరటినార బొటనవేలికి, నోరు బేరమాడుతుంటే చెయ్యి దానంతటది ముడి వేస్తుండేది. అయినా ఆ సీరియల్ని నువ్వు వదలవు. కారు నడిపే మొగుడు, పూలమ్మే పెళ్లాం, పుట్టింటి డబ్బుని బట్టి కోడళ్లకి మర్యాద, వడ్డీకి తెచ్చిన అప్పు, ఇవి మనం చూడనివా? మిగతా వాటిల్లో కంపెనీ అంటే ఐదొందల కోట్లు, ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు మాత్రం ఒక్కరూ కనబడరు. చిత్తూరత్త దీన్ని తమిళంలో ముందే చూసేసి కథ చెప్పేస్తుందని నీకు కోపం. నాకు మాత్రం అత్త నోరు ఆగకపోవడమే మేలు చేసింది.

అదే ఇప్పుడు రాయబోయేది. కూర్చుని చదువు.

గంగమ్మ జాతర వారంలో నేను ఫోన్ చేస్తే "నాయన తాతయ్యగుంట పోయినాడు, బైరాగి వేషం చూస్తానని" అన్నావు. వెనకాల డప్పులు కూడా వినిపించాయి, నేను నమ్మాను. ఆ రోజు నాయన ఆసుపత్రిలో ఉన్నాడు, గుండెలో స్టెంటు వేశారు. నాకు తెలిసింది పోయిన వారం, అది కూడా అత్త మీనా కథ చెప్తూ చెప్తూ "మీ నాయన ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఈ ఎపిసోడు" అని జారితే. అదే సీరియల్లో రోహిణి తన గతం దాస్తుందని, ఒక్కమాట చెప్పేస్తే పోయేదానికి ఎన్ని నెలలు సాగదీస్తారని నువ్వే తిట్టుకుంటావు కదమ్మా. "ఈ నిజం తెలిస్తే తట్టుకోలేదు" అని ఉరుము చప్పుడు వేసి ముగ్గురి మొహాలు చూపిస్తారే, ఆ డైలాగు మనింట్లో ఎవరు చెప్పారు? నువ్వా, నాయనా?

నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఇప్పుడు రెండూ లేవు, భయం ఉంది. అత్తని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. దవడ లాగుతోందన్నాడు, చెమటలు పట్టాయి, కడుపు పైన బరువన్నాడు, మీరు గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టారు, తెల్లారాక తీసుకుపోయారు. నిన్ను అనట్లేదమ్మా. గుండెపోటంటే ఛాతీ పట్టుకుని "అమ్మా" అని అరిచి మెట్ల మీద నుంచి పడిపోవాలని రోజూ రాత్రి చూస్తుంటే, చెమట పట్టిన మనిషిని చూసి గుండె అని ఎవరికి తడుతుంది? పైగా నాయనకి షుగరు, షుగరున్నవాళ్లకి చాలాసార్లు నొప్పే సరిగా తెలీదు. నేను ఆ సీన్లు చూసి నవ్వేది ఊరికే కాదు. ఈసారి దవడ గాని, ఎడమ చెయ్యి గాని, ఆయాసం గాని, ఏదైనా తేడాగా ఉంటే సోడా వద్దు, 108కి ఫోన్ చెయ్యండి, తర్వాత నాకు చెయ్యండి, ఏ టైమైనా సరే.

రక్తం పలచగా ఉండటానికి రెండు మాత్రలు ఇచ్చి ఉంటారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. డాక్టరు చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపకూడదు, పన్ను పీకించుకునేటప్పుడైనా సరే అడిగి చెయ్యాలి. ఆపితే ఆ స్టెంటులోనే గడ్డ కట్టొచ్చు. సీరియల్లో మాత్రలు మార్చేసే విలన్ ఉంటుంది, మనింట్లో ఆ అవసరం లేదు, ఒళ్లు తేలిగ్గా అనిపించగానే నాయనే మానేస్తాడు. బీపీ మాత్రలు ఎన్నిసార్లు మానేశాడో నాకు తెలుసు. నీ సీరియల్ టైటిల్ పాట మొదలవగానే రాత్రి మాత్రలు చేతికివ్వు, నువ్వది మర్చిపోయే సమస్యే లేదు.

"నువ్వు మాత్రం అన్నీ చెప్తున్నావా" అంటావు, నాకు తెలుసు. చెప్తున్నాను కదా. జ్వరమొచ్చినప్పుడు చెప్పలేదంటే అది జ్వరం, స్టెంటు కాదు. దూరంగా ఉండి ఏం చేస్తావులే అని మీకుంటుంది. ఏమీ చెయ్యలేకపోవచ్చు, కానీ ఆ రాత్రి ఇక్కడ ఎవరి నాయనకో మంచం పక్కన కూర్చుని నాడి చూస్తూ ఉన్నాను, మా నాయన ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఇట్లా ఇంకోసారి చెయ్యొద్దు. ఒట్టు పెట్టమని అడగను, ఒట్లు కూడా సీరియల్లోనే బాగుంటాయి.

చెనిక్కాయలు వేయించి ఊరుబిండి నూరి పంపుతానన్నావు, వద్దు, ఈసారికి నువ్వు రోలు దగ్గర కూర్చోవద్దు, మిక్సీలో వేసినా తింటా. నాయనకి మాత్రం ఊరగాయ పెట్టొద్దు, అడిగినా పెట్టొద్దు, అవ్వ చాటుగా పెడుతుంది, ఆమెకి కూడా చెప్పు. అత్తని తిట్టొద్దు. నాయన మీద నాకు కోపం లేదని చెప్పు, ఆదివారం ఫోన్ చేస్తా, ఆయనే ఎత్తాలి, నువ్వు పక్కన కూర్చుని అందించొద్దు.

చిన్నోడా, ఇది నీకు. డిశ్చార్జి కాగితం, యాంజియో రిపోర్టు, ఈసీజీ, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, అన్నీ వెలుతురులో నీడ పడకుండా ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. అట్టల వెనక వైపు కూడా తియ్యి, పేరు అక్కడే ఉంటుంది. మళ్లీ చెకప్‌కి ఏ తేదీన రమ్మన్నారో రాయి.

ఉంటానమ్మా,
నీ పెద్దమ్మాయి