నొంతబురి పడవ ఎక్కాక పెన్న రేవు గుర్తొచ్చింది

సంపాదకులు గారికి నమస్కారం.

థాయ్‌లాండ్ పోయొచ్చానని చెప్తే మా నెల్లూరు రంగనాయకులపేటలో నలుగురిలో ముగ్గురు అడిగిన మాట ఒకటే, పట్టయా చూశారా అని. చూడలేదు. మా అమ్మాయి, అల్లుడు బ్యాంకాక్‌లో ఉద్యోగాలు చేస్తూ, అద్దె తక్కువని సిటీకి ఉత్తరాన ఆనుకుని ఉన్న నొంతబురిలో కాపురం పెట్టారు. పోయిన నవంబరులో వాళ్ల దగ్గర ఇరవై రోజులు ఉన్నాను, ఆ జిల్లానే (వాళ్లు ప్రావిన్స్ అంటారు) కాళ్లు నొప్పులు పుట్టేదాకా తిరిగాను. పేరు వినడానికి కొత్తగా ఉన్నా అది మన మాటే, నంద, పురి. ఆనందంగా ఉండే ఊరు అని అర్థమట. అక్కడ చూసిన రెండు మూడు సంగతులు మన పెన్న గురించి ఆలోచించే వాళ్లందరూ తెలుసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పెద్దదైనా వేయండి.

ముందు పడవ గురించి చెప్పాలి. బ్యాంకాక్ మధ్యలో పారే నది చావో ఫ్రాయా. ఆ నది మీద మన సిటీ బస్సుల్లాగా పడవలు తిరుగుతాయి. పడవ మీద ఎగిరే జెండా రంగును బట్టి అది ఏ రేవుల్లో ఆగుతుందో తెలుస్తుంది. ఆరెంజ్ జెండా పడవలో ఎంత దూరం పోయినా నేను ఉన్నప్పుడు టికెట్ 16 బాత్, మన డబ్బుల్లో 40 రూపాయల పైచిలుకు. సిటీలో సాతోర్న్ రేవు దగ్గర ఎక్కితే రాజుగారి కోట, వాట్ అరుణ్ గుడి, పెద్ద పెద్ద వంతెనలు అన్నీ దాటుకుంటూ గంట పైన పడుతుంది నొంతబురి రేవు చేరడానికి. ఆ రూట్లో అదే ఆఖరి రేవు, దిగంగానే పాత గడియార స్తంభం కనపడుతుంది. టూరిస్టులు దారిలోనే దిగిపోతారు. చివరిదాకా వచ్చేది ఆఫీసు నుంచి ఇంటికి పోయే ఆడవాళ్లు, యూనిఫాంలో పిల్లలు, కూరగాయల సంచులు పెట్టుకున్న ముసలమ్మలు. బౌద్ధ సన్యాసులకు విడిగా చోటు ఉంటుంది, అక్కడ మామూలు వాళ్లు నిలబడరు.

కండక్టరమ్మ చేతిలో తోలు సంచి ఉండదు, పొడవాటి రేకు గొట్టం ఉంటుంది. అందులోనే చిల్లర, అందులోనే టికెట్ చుట్టలు, దాన్ని టకటకలాడించుకుంటూ జనం మధ్యలో నడుచుకుంటూ వస్తుంది. ఆ చప్పుడు వినపడితే అందరూ చిల్లర తీసి పెట్టుకుంటారు. పడవ వెనక చివర ఒక కుర్రాడు విజిల్ వేస్తుంటాడు, ముందున్న డ్రైవర్‌కు రేవు కనపడదు కదా, ఆ విజిల్ కూతలను బట్టే వెనక్కి, పక్కకి, ఆపు అని తెలుసుకుంటాడు. కుర్రాడు తాడు విసిరి గుంజకు చుట్టడం, జనం దిగడం, ఎక్కడం, తాడు విప్పడం, అంతా కలిపి నిమిషం కూడా పట్టదు. మొదటి రోజు నాకు గుండె దడదడలాడింది. "అత్తయ్యా, నా చెయ్యి పట్టుకోండి, కాలు మాత్రం ఆలస్యం చేయొద్దు" అన్నాడు మా అల్లుడు. నాలుగో రోజుకు నేనే ఒంటరిగా ఎక్కి దిగాను.

నేను బాగా గమనించింది ఆ రేవును. సముద్రం పోటు అక్కడిదాకా వస్తుంది కాబట్టి పొద్దున ఒక మట్టం, సాయంత్రం ఒక మట్టం. అందుకని వాళ్లు రేవును నీళ్ల మీద తేలేట్టు కట్టారు, గట్టు నుంచి దాని మీదికి ఒక వాలు వంతెన వేశారు, నీళ్లు పెరిగితే రేవూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మన పెన్నలో నీటి మట్టం నిలకడగా ఉండదు, అందుకే ఏమీ కట్టలేం అని చెప్పే వాళ్లకు ఇది చూపించాలనిపించింది. నది ఏమంత తేటగా లేదు, నిజం చెప్పాలి. ఎర్రటి బురద నీళ్లు, గుంపులు గుంపులుగా కొట్టుకొచ్చే గుర్రపుడెక్క. అయినా జనం ఆ నదికి వీపు తిప్పి కూర్చోలేదు.

ఇక నా మనసులో నిలిచిపోయింది కో క్రెట్. కో అంటే లంక. 1722లో నది వంపు చుట్టూ తిరిగిపోయే బాధ తప్పుతుందని ఒక అడ్డ కాలువ తవ్వించారు, అప్పుడు అయుత్తయ రాజుల కాలం. రాను రాను ఆ కాలువే పెద్దదై మధ్యలో మిగిలిన నేల లంక అయింది. బర్మా వైపు నుంచి వచ్చిన మోన్ జనం అక్కడ కాపురాలు పెట్టారు. కార్లు లేవు, చిల్లర ఇచ్చి బల్లకట్టు లాంటి పడవలో దాటాలి. రేవు దిగంగానే ఒక తెల్లటి స్తూపం నది వైపు ఒరిగి కనపడుతుంది, గట్టు కోసుకుపోయి అట్లా ఒరిగిందట, పడిపోకుండా కాపాడుకుంటూ వస్తున్నారు. దాని పక్కన గుడిని చులాలోంగ్‌కోర్న్ రాజు తనను పెంచిన అవ్వ వరసామె పేరున బాగుచేయించాడు.

ఈ మోన్ వాళ్లను బర్మా వాళ్లు ఒకప్పుడు తలైంగ్ అనేవాళ్లు. ఆ మాట మన తెలుగువాళ్లను పిలిచే తెలింగ అనే మాట నుంచి వచ్చిందని కొందరు చరిత్రకారులు అంటారు, ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన దాన్ని కాబట్టి తేలని సంగతిని తేలినట్టు చెప్పను. కానీ అక్కడ ఒక అంగట్లో కూర్చుని ఖావో చే అనే అన్నం తిన్నప్పుడు మాత్రం నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అన్నాన్ని మల్లెపూల వాసన పట్టించిన చల్లటి నీళ్లలో వేసి, పక్కన నంజుకోను రొయ్యల ముద్ద వేపుడు, ముల్లంగి ఊరగాయ, అట్లాంటివి చిన్న చిన్న గిన్నెల్లో పెట్టిస్తారు. మన చద్దన్నం, ఉల్లిపాయ, మాగాయ ముక్క లాగానే. ఎండాకాలంలో వాళ్ల సొంగ్‌క్రాన్ పండక్కి చేసుకునే వంటకం అది. సొంగ్‌క్రాన్ అంటే సంక్రాంతే!

లంకలో అసలు పని కుండల పని. మోన్ కుమ్మర్లు తరతరాలుగా చేస్తున్న పని, నొంతబురి ప్రావిన్స్ ముద్ర మీద కూడా మట్టి కుండ బొమ్మే ఉంటుంది. ఒక ఇంటి వసారాలో నాకంటే పెద్దావిడ సగం ఆరిన కూజాను ఒళ్లో పెట్టుకుని, చాకు మొనతో పూల తీగ చెక్కుతోంది, గోరంత ముక్క తీయడం, ఊదడం, మళ్లీ తిప్పడం. రంగు వేయరు, మెరుపు పూత పూయరు, కాలిన మట్టి రంగే దాని అందం. అరగంట పైన అక్కడే నిలబడిపోయాను, మా అమ్మాయి "అమ్మా పోదాం రా" అని రెండుసార్లు పిలిచింది. వాళ్ల ఇంట్లో తయారైంది వాళ్ల వాకిట్లోనే అమ్ముడుపోతుంది, శని ఆదివారాలు బ్యాంకాక్ నుంచి జనం దిగుతారు, సంతంతా కళకళలాడుతుంది. ఊరు పాడుకాకుండా డబ్బులు వచ్చే దారి అది.

అక్కడ అంతా బాగుందని నేను అనను. 2011 వరదల్లో నొంతబురి తోటలు నీళ్లలో నానిపోయి దురియన్ (పనస లాంటి ముళ్ల పండు) చెట్లు ఎన్నో చచ్చిపోయాయి. ఆ ప్రావిన్స్ దురియన్‌కు థాయ్‌లాండ్ అంతటా పేరు, ధర కూడా అట్లాగే ఉంటుంది. ఇప్పుడు మెట్రో లైను వచ్చి (పర్పుల్ లైన్ అంటారు, 2016లో మొదలైంది) తోటలున్న చోట అపార్టుమెంట్లు లేస్తున్నాయి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి కోవూరు దగ్గర హైవే దెబ్బతిని బండ్లన్నీ ఆగిపోయినప్పుడు మనం పడ్డ టెన్షన్ నాకు గుర్తుంది, వరద అంటే వాళ్లకెంతో మనకూ అంతే. అయినా వరద తగ్గాక వాళ్లు మళ్లీ నది దగ్గరికే పోయారు.

మరి మనం? నెల్లూరు బ్యారేజి 2022 సెప్టెంబరులో మొదలైంది, నీళ్లు నిలుస్తున్నాయి. రంగనాథస్వామి గుడి వెనక నిలబడితే ఎంత అందంగా ఉంటుందో ఈ ఊళ్లో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ మనం ఏటి దగ్గరికి పోయేది పిండాలు కలపడానికి, వినాయకుణ్ణి నిమజ్జనం చేయడానికి, లేకపోతే ఇసుక కోసం. మిగతా రోజుల్లో చెత్త పారబోయడానికి. మా చిన్నప్పుడు మా తాతయ్య బకింగ్‌హామ్ కాలువలో తాడు పట్టి లాగే పడవల గురించి చెప్పేవాడు, ఉప్పు, కట్టెలు, ధాన్యం మద్రాసు దాకా పోయేవట. ఆ కాలువను 2008లో జాతీయ జలమార్గంలో కలిపారు. మా వైపు పూడిక, తుమ్మచెట్లు తప్ప నాకు పడవ కనపడలేదు.

ఊరికి రాగానే చేపల పులుసుకు కొత్త మట్టి చట్టి కొందామని ఊరి బయట కుమ్మరి ఇంటికి పోయాను. సారె మూలన పడి ఉంది. "చెరువు మట్టి తెచ్చుకునేదానికి పోతే అడ్డం పడతన్నారు టీచరమ్మా, పిల్లోళ్లు ఈ పని వద్దని చెన్నై పోయినారు" అన్నాడు ఆయన. ఎవరు అడ్డం పడుతున్నారో పేరు చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ లంకలో పెద్దావిడ పనికి ఈయన పని ఏమీ తీసిపోదు. తేడా అంతా ఆమె గుమ్మం ముందు రేవు ఉంది, ఈయన గుమ్మం ముందు లేదు.

పడవలంటే ప్రమాదం అంటారు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఎవరం మర్చిపోలేం. అందుకే నేను లాంచీలు, రిసార్టులు, రోప్‌వేలు అడగడం లేదు. బ్యారేజి పైన నిలిచిన నీళ్లలో, వరద రోజుల్లో ఆపేసే షరతు మీద, లైఫ్ జాకెట్ వేసుకోనిదే ఎక్కనివ్వని ఒక్క చిన్న దాటుడు పడవ. దానికి తేలే రేవు ఒకటి. గట్టు మీద వారానికి రెండు రోజులు మన కుమ్మర్లకు, ఉదయగిరి చెక్క గరిటెలు చేసే వాళ్లకు, వెంకటగిరి నేత వాళ్లకు అద్దె లేకుండా నీడ. చెరువు మట్టి తెచ్చుకోవడానికి కుమ్మర్లకు అడ్డు లేని కాగితం. ఇంతకు మించి ఏమీ అడగడం లేదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. నేను అక్కడ ఉన్నప్పుడే కార్తీక పౌర్ణమి వచ్చింది. వాళ్లకూ ఆ రోజు పండగే, లోయ్ క్రతోంగ్ అంటారు. అరటి బోదె ముక్క మీద ఆకులు మడిచి, పూలు, అగరొత్తి, కొవ్వొత్తి పెట్టి గడియార స్తంభం దగ్గర నీళ్లలో వదులుతారు. నేను మా అమ్మాయి చేత అరటి డొప్పలో నేతి వత్తి పెట్టించి వదిలాను. పక్కనున్న థాయ్ అమ్మాయి వంగి, నీళ్లను చేత్తో నెట్టి నా దీపాన్ని లోపలికి సాగనంపింది. మన పెన్న మెట్ల దగ్గర పోయినేడు దీపం వదలడానికి ప్లాస్టిక్ సంచులు పక్కకు నెట్టుకోవాల్సి వచ్చింది. ఈసారి కార్తీకానికి ఇంకా నెలలు ఉన్నాయి, ఆ మెట్లు కడిగించి, జారకుండా ఒక గొలుసు, నాలుగు లైట్లు పెట్టించమని మీ పేపరు ద్వారా సంబంధించిన అధికారులను అడుగుతున్నాను. మా పేటలో ఆడవాళ్లం పదిమందిమి చీపుళ్లు పట్టుకుని వస్తాం, ఏ రోజు రావాలో చెప్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
రంగనాయకులపేట, నెల్లూరు