పెట్రోల్ పైపు గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నీ ఉత్తరంలో నన్ను టెన్షన్ పెట్టింది చివర్లో రాసిన ముక్క. నాన్నగారి పాత బండి కింద పొద్దున్నే పెట్రోల్ మరక కనిపిస్తోందని, అయినా రాత్రిళ్లు దాన్ని హాల్లోనే పెడుతున్నావని. ఇవాళ్టి నుంచి బయటే పెట్టరా, దయచేసి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది. మీ హాలు పక్కనే దేవుడి గది, అందులో దీపం, అవతల వంటింట్లో స్టవ్వు. తల్చుకుంటేనే భయమేస్తోంది.

బాగుచెయ్యడం నీకు పెద్ద పనేం కాదు. కాకపోతే లీకు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. పెట్రోల్ పైనుంచి జారుతుంది కాబట్టి తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోకు. ఇంజన్ బాగా చల్లారాక, పగటి వెలుతురులో, ఆరుబయట, ట్యాంకు కింది ట్యాప్ నుంచి కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) దాకా పైపంతా పొడిగుడ్డతో తుడిచి, ట్యాప్ ఆన్ చేసి పైనుంచి కిందికి చూస్తూ రా. కార్బొరేటర్ అడుగునున్న సన్న గొట్టంలోంచి కారుతుంటే అది ఓవర్‌ఫ్లో. లోపల ఫ్లోట్ సూది, అంటే పెట్రోల్ నిండగానే దారి మూసేసేది, సరిగా మూసుకోవట్లేదన్నమాట. అప్పుడు పైపు మార్చినా లాభం లేదు, మెకానిక్‌కి ఇచ్చెయ్.

నాకైతే పైపు మీదే అనుమానం. అన్నేళ్ల రబ్బరు వేడికి గట్టిపడి, క్లిప్పుల దగ్గర పగుళ్లిస్తుంది. పైగా 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ రావడం మొదలైంది. పాత బండ్ల రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. వంచి చూడు, గీతలు విచ్చుకుంటే పైపు పోయినట్టే. టేపు చుట్టడం, ఎమ్‌సీల్ పెట్టడం లాంటివి వద్దు.

ట్యాప్ ఆఫ్ చేసి, క్లిప్పులు ప్లయర్‌తో జరిపి, పైపుని మెల్లగా తిప్పుతూ లాగు. అందులో మిగిలిన పెట్రోల్ చిన్న రేకు డబ్బాలోకి పట్టు. పాత ముక్కనే షాపుకి తీసుకెళ్లి అదే లావు, అదే పొడవు పెట్రోల్ పైపు అడుగు. నీళ్ల పైపు ఇస్తే తీసుకోకు, పెట్రోల్‌కి అది పాడైపోతుంది. క్లిప్పులు కూడా కొత్తవే వెయ్యి. పైపు మడత పడకుండా, ఇంజన్‌కి తగలకుండా కిందికి వాలుగా ఉండాలి. ట్యాప్ ఆన్ చేసి కాసేపు ఆగి, రెండు చివర్లూ వేలితో తడిమి చూశాకే స్టార్ట్ చెయ్యి.

ఇదంతా కార్బొరేటర్ బండికేరా. మీ తమ్ముడి కొత్త బండి జోలికి వెళ్లకు. అది ఇంజెక్షన్‌ది, కార్బొరేటర్ ఉండదు, పైపులో పంపు ప్రెషర్ ఉంటుంది, ఈ మామూలు పైపు దానికి ఆగదు. ట్యాప్ ఆఫ్ చేసినా పైపు ఊడదీసిన చోట చుక్కలు పడుతుంటే మాత్రం అక్కడితో ఆపి నాకు ఫోన్ చెయ్యి. ట్యాప్ లోపలి రబ్బరు అరిగినట్టు. ట్యాంకు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది, ఆదివారం నేనే వస్తాను.

నీ
రాజు