జూన్‌లో ఇక్కడికి వచ్చే తమ్ముడికి

డొడోమా, టాంజానియా

తమ్ముడూ,

మేమంతా క్షేమం. జూన్ సెలవుల్లో వచ్చి ఇక్కడి పల్లె సెకండరీ స్కూలు పిల్లలకి ఫోటోగ్రఫీ నేర్పుతానన్నావు. స్టూడియోలో నీకు చెయ్యి తిరిగిన పని చాలావరకు ఇక్కడా పనికొస్తుంది, కొంత మాత్రం ఎదురు తిరుగుతుంది. సామాను సర్దేముందే ఇది చదువు.

పెద్ద కెమెరా ఇంట్లోనే ఉంచు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే పాత చిన్న కెమెరాలు ఆరు తే. కానన్ పవర్‌షాట్ ఎ సిరీస్‌వి సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే మరీ మంచిది. పన్నెండు మందికి ఆరు చాలు. ఒకరు తీస్తుంటే ఇంకొకరు వెలుతురు చూడాలి, పది నిమిషాలకోసారి మారాలి. పల్లె కొట్లో దొరికే టార్చిలైటు సెల్స్ నమ్ముకోకు. కెమెరా ఒక్కసారిగా లాగే కరెంటు అవి ఇవ్వలేవు, నాలుగు ఫోటోలకే బ్యాటరీ అయిపోయిందంటుంది. 2000 ఎంఏహెచ్ రీఛార్జబుల్ సెల్స్ 24 తే, సగం కెమెరాల్లో ఉంటే సగం ఛార్జింగ్‌లో ఉంటాయి. పన్నెండు సెల్స్‌లో పట్టేది 29 వాట్ అవర్లు. ఛార్జింగ్‌లో పోయేది కలుపుకుని 50 అనుకో. 20 వాట్ల సోలార్ ప్యానెల్ ఒక ఎండపూటలో ఆ మాత్రం ఇచ్చేస్తుంది. ప్యానెల్ ఎండలో, ఛార్జర్ నీడలో ఉండాలి. వేడెక్కితే ఈ సెల్స్ సరిగ్గా నిండవు.

మెమరీ కార్డులు 2 జీబీవే తే. 2006కి ముందటి కెమెరాలు చాలావరకు అంతకన్నా పెద్దవి చదవవు. టౌన్‌లో ఎవరి కంప్యూటర్‌లోనైనా ఫోటోలు కాపీ చేయాల్సివస్తే కార్డు పక్కనున్న చిన్న లాక్ కిందికి జరిపి పెట్టు, వైరస్ కార్డులోకి ఎక్కదు.

ఇక దుమ్ము. జూన్‌లో వాన చుక్క పడదు, గాలి మాత్రం ఆగదు. ఎర్రమట్టి మన హిందూపురం వైపు మట్టిలాగే ఉంటుంది. ముందుకి వచ్చే లెన్స్ గొట్టంలో ఇసుక రేణువు పడితే లోపలికి పోలేక మొరాయిస్తుంది, ఇక ఆ కెమెరా పని అయినట్టే. వాడనప్పుడు జిప్ కవర్లో ఉండాలి. తుడిచే ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, నోటితో కాదు. ఊదకుండా గుడ్డ పెడితే ఆ ఇసుకే అద్దాన్ని గీస్తుంది.

క్లాసు టైము చెప్పేటప్పుడు జాగ్రత్త. ఇక్కడ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కేస్తారు. మన ఉదయం ఏడు వీళ్ళకి ఒంటిగంట. ఇక్కడి స్వాహిలి భాషలో "సా సబా" అన్నావంటే, ఏడు అనే అర్థమైనా, పిల్లలు మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తారు, అప్పటికి ఎండ పాడైపోతుంది. "సా మోజా అసుబుహి" అను, అంటే వీళ్ళ లెక్కలో ఉదయం ఒంటిగంట. మొదటిరోజు కెమెరా ఇవ్వకు. అట్టలో 8 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్ల కిటికీ కోయించి దానిలోంచే చూడమను. కంటికి దగ్గరగా పెడితే వైడ్, చెయ్యి చాపితే జూమ్. ఫ్రేమ్ సంగతి ఒక్కపూటలో వచ్చేస్తుంది.

అసలు పాఠం మొహం. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు, ఎదురుగా ఏమున్నా మధ్యరకం బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. తెల్లచొక్కా యూనిఫాంలో ఉన్న అమ్మాయి సున్నం గోడ ముందు నిలబడితే అది గోడని చూసి వెలుతురు తగ్గించేస్తుంది, మొహం ఒట్టి నీడగా మిగులుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ప్లస్ 1కి పెంచాలి. అదే మొహం ఫ్రేమ్ నిండా ఉండి వెనక చీకటి గది ఉంటే కథ తిరగబడుతుంది. నిగనిగలాడే నల్లని చర్మం బూడిద పూసినట్టు వస్తుంది. అప్పుడు మైనస్ 0.7. ఈ రెండూ పక్కపక్కన తీయించి చూపిస్తే చాలు, ఇక వివరించక్కర్లేదు. ఫోన్ ఉన్నవాళ్ళయితే మొహం మీద వేలు నొక్కిపట్టి, వెలుతురు గీతని పైకీ కిందికీ జరపాలి.

మధ్యాహ్నం మైదానంలో తీస్తే కళ్ళు గుంటల్లా వస్తాయి. క్లాసు గదిలో, గడపకి ఒక అడుగు లోపల నిలబెట్టి, మొహం బయటికి, భుజాలు కాస్త పక్కకి తిప్పించు. నుదురు, చెంప ఎముక, ముక్కు మీద పడే మెత్తటి మెరుపే మొహానికి రూపం ఇస్తుంది. ఎర్రనేల వెలుతురు గడ్డం కింద ఎర్రగా కొడుతుంది, కాళ్ళ ముందు తెల్లటి పిండి సంచి పరిస్తే పోతుంది. రేకు మాత్రం వాడకు, కళ్ళు చిట్లిస్తారు.

మన స్టూడియోల్లో అడక్కుండానే మొహం తెల్లబరిచే అలవాటు ఉందే, దాన్ని విమానం ఎక్కించకు. కోడాక్ కలర్ ప్రింట్లు సరిచూసే షిర్లీ కార్డు మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆ కొలతకి నల్లని మొహాలు సరిగ్గా వచ్చేవి కావు. పిల్లలకి సైదూ కైతా ఫోటోలు చూపించు. మాలీలోని బమాకోలో 1948లో స్టూడియో పెట్టాడు, ఎక్కువగా వాకిట్లో పగటి వెలుతురులోనే తీశాడు. మొదట్లో వెనక కట్టిన తెర ఆయన సొంత దుప్పటే. స్టూడియో కట్టుకున్నవాడివి, నీకు నచ్చుతాడు.

ప్రింట్ లేకపోతే ఇదంతా వృథా. సెల్ఫీ ప్రింటర్ (కానన్‌దే, ఫోన్‌తో తీసుకునే సెల్ఫీ కాదు) ఒకటి తే. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ పోతుంది: పసుపు, మెజెంటా, సయాన్, చివర పై పూత. బయటికి వచ్చిన ప్రతిసారీ దుమ్ము వాలితే తెల్లచుక్కలు మిగులుతాయి. కాబట్టి తలుపు మూసిన గదిలోనే ప్రింట్ తీయాలి. అది 60 వాట్ల దాకా లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ ఆగిపోతుంది, 150 వాట్లది పెట్టు. కాగితం, రిబ్బన్ లెక్క ప్రకారమే వస్తాయి, ఒకటి చెడితే రెండోదీ పోయినట్టే. మొదటి ప్రింట్ ఫోటోలో ఉన్నవాళ్ళకే ఇవ్వాలి, తీసినవాళ్ళకి ఆ తర్వాతే.

ఊళ్ళో తిరిగి తీసే ముందు హెడ్మాస్టర్‌తోపాటు ఊరి పెద్దకీ చెప్పాలి, ఆయన్ని ఇక్కడ మ్వెన్యెకిటి అంటారు. పోలీసు, సైన్యం, వంతెనల జోలికి పోవద్దని పిల్లలకి ముందే చెప్పు.

ప్రింట్ కాగితం ప్యాకెట్లు, సెల్స్ చేతిసంచిలో పెట్టుకో. దార్ ఎస్ సలామ్‌లో దిగాక బస్సు వద్దు, 2024 నుంచి డొడోమాకి కరెంటు రైలు నడుస్తోంది, నాలుగు గంటల్లోపే వచ్చేస్తావు. టికెట్ ఖాయం కాగానే తేదీ రాయి, మీ బావ స్టేషన్‌కి వస్తారు. అమ్మని గోంగూర పచ్చడి గాజుసీసాలో పెట్టొద్దని చెప్పు.

మీ అక్క