సైక్లింగ్ స్టేడియం: పొదుపు నక్షా దగ్గరే మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఇండోర్ సైక్లింగ్ స్టేడియం పర్యావరణానికి మేలు చేసేలా కట్టాలనగానే అందరూ సోలార్ పలకల గురించే మాట్లాడతారు. అంతకన్నా ముందు చూడాల్సింది కప్పు. 2012 ఒలింపిక్స్ కోసం లండన్‌లో కట్టిన వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల స్టేడియంలో) భారీ దూలాలు వాడలేదు. టెన్నిస్ రాకెట్ తీగల్లా అల్లిన ఉక్కు కేబుళ్ల మీద కప్పు నిలిపారు. దాంతో ఉక్కు బాగా తగ్గింది. కప్పు కూడా ట్రాక్ ఒంపుకు తగ్గట్టే వంగడంతో, లోపల వెచ్చబరచాల్సిన గాలీ తగ్గింది. పగలు ప్రాక్టీసుకు లైట్ల ఖర్చు తగ్గేలా పైనుంచి వెలుతురు వస్తుంది.

ఈ గాలి సంగతి చాలామందికి తట్టదు. వెచ్చని గాలి పలచగా ఉంటుంది, సైకిల్‌ను తక్కువ అడ్డుకుంటుంది. అందుకే రైడర్లకు ట్రాక్ దగ్గర వేడి కావాలి. అదే వేడిలో ప్రేక్షకులు గంటల తరబడి కూర్చోలేరు. హాలంతా ఒకే ఏసీ పెడితే కరెంటు దండగ. ట్రాక్‌కు, సీట్లకు వేర్వేరు ఏర్పాటు ఉండాలి.

ట్రాక్ చెక్క విషయంలో మాత్రం పొదుపు చూడొద్దని నా మనవి. సన్నని పైన్ పట్టీలను పక్కపక్కనే మేకులతో బిగిస్తారు. మలుపుల్లో వాలు 42 డిగ్రీల దాకా ఉంటుంది. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పేళ్లు లేస్తే రైడర్లకు ప్రమాదం. 2011లో మాంచెస్టర్ పోటీలో కిందపడ్డ మలేషియా రైడర్ అజీజుల్‌హస్నీ అవాంగ్ పిక్కలోంచి చెక్కపేడు దూసుకుపోయింది. ఆ ఫొటో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

కొత్త స్టేడియం ప్రకటించినప్పుడు ఏటా ఎంత కరెంటు అవుతుందో, చెక్క ఏ అడవి నుంచి వస్తుందో కూడా అడిగి రాయండి.

– ఒక సైక్లింగ్ అభిమాని