మా ఫిడేలోడి కోసం వచ్చిన అందరికీ

అందరికీ నమస్కారం అండి. పోయిన ఆదివారం పెదవాల్తేరులో మా మేడ మీద మా ఫిడేలోడి సంస్మరణకి వచ్చినవాళ్ళకి, రాలేక ఫోన్ చేసినవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా చెప్దామని కూర్చున్నాను గానీ నాలుగో ఫోన్‌కే గొంతు పూడుకుపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. యాభై కుర్చీలు చాలనుకున్నాం, చూస్తే మెట్ల మీద కూడా మనుషులే.

ముందు సౌండ్ సిస్టం అన్నయ్యకి దండం. అద్దె ఎంతంటే "డబ్బులేటి బాబూ, ఆయనతోటి ఎన్ని చవితి పందిళ్ళు చేసినాను నాను" అని మైకులు బిగించి ఓ మూల కూర్చున్నాడు. పూర్ణా మార్కెట్ పూలకొట్టు పెద్దమ్మ తట్టెడు బంతిపూలు పంపింది, కింద ఫ్లాట్ పిన్నిగారు అందరికీ పులిహోర కలిపారు. ఆస్పత్రిలో రక్తం కావాలంటే అర్ధరాత్రి గాజువాక నుంచి బండేసుకొచ్చిన ఇద్దరు తమ్ముళ్ళూ, ఆ కంగారులో మీ పేర్లు కూడా అడగలేదు, ఏమనుకోకండి.

వాడు తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. విజయనగరం మ్యూజిక్ కాలేజీలో నేర్చుకున్నాడు, 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పిన చోటు. "నాయుడుగారు నడిచిన వరండాలో నేను చెప్పులు పోగొట్టుకున్నానురా" అని అదేదో బిరుదులా చెప్పుకునేవాడు. రాత్రి పెళ్ళి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు, పొద్దున్నే గుళ్ళో కీర్తనలు, రెండిటికీ అదే ఫిడేలు అదే సీరియస్ మొహం. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టేస్తున్నాయని సముద్రాన్ని తిట్టేవాడు, సాయంత్రమైతే మళ్ళీ ఆర్కే బీచ్‌లోనే, చేతిలో మురీ మిక్చర్ పొట్లం.

ఆ రోజు ప్రసంగాలు వద్దనుకున్నాం, వాడు పక్కన వాయించిన పాటల్లో తలా ఒకటి పాడమన్నాం. బ్యాంకులో రిటైరైన బాబాయిగారు రెండో చరణం దగ్గర ఆగిపోయారు. ఎవరైనా మర్చిపోతే వాడు ఆ లైను మెల్లగా ఫిడేలు మీద అందించేవాడు కదా, బాబాయిగారు అలవాటుగా కుడిపక్కకి చూశారు, అక్కడ ఖాళీ కుర్చీ. ఒక్క క్షణం ఎవరికీ ఏం చెయ్యాలో తెలీలేదు, తర్వాత వెనక మెట్ల మీంచి ఎవరో ఆ లైను అందుకున్నారు, ఎవరో ఇప్పటికీ తెలీదు, మీరే అయితే చెప్పండి ప్లీజ్.

టెన్త్ చదువుతున్న వాడి శిష్యుడు వాడి ఫిడేలు మీదే మోహన రాగం వాయించాడు, మధ్యలో తీగ బిగించే బిరడా జారితే కంగారు పడకుండా శ్రుతి చేసుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆఖర్న పాట మాస్టారు మధ్యమావతి రాగం పాడారు, అందరం మంగళం కోసం చూస్తుంటే ఆయన శ్రుతి బాక్స్ ఆపేసి "మంగళం వాడొచ్చి వాయించాలి, నేను పాడను" అని లేచిపోయారు.

ఖర్చులు పోగా మిగిలిన డబ్బు చెల్లెమ్మకి ఇస్తే తీసుకోలేదు, ఆ కుర్రాడికి తీగలు కొనమంది, కొన్నాం. ఎవరిదో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, ఒక కళ్ళజోడు మా ఇంట్లో ఉండిపోయాయి, సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా వచ్చి తీసుకోండి, టీ తాగి వెళ్ళొచ్చు.